చీనావారి మాంసపు ముల్లంగి కూర

పాల్వంచ, బూర్గంపాడు అడవియంచున పుష్యమాసపు చలి యెట్టిదో ఈ ప్రాంతపు పెద్దలకు నేను వర్ణింపనక్కరలేదు. ఆ దినములలో ఇంట మాంసము వండినప్పుడు పడుచువారు తృప్తిగ భుజింతురు. పండ్లూడిన పెద్దలో, పులుసు మాత్రము అన్నమున కలుపుకొని, ముక్కలను మనుమలకు వదలివేయుదురు. మాంసము ముదురని దానిపై నేరము మోపుట మనకు వాడుక. నా యభిప్రాయమున నేరము మాంసముది కాదు, పొయ్యిది. చీనాదేశీయులు శీతకాలమున వండుకొను ఎద్దుమాంసపు ముల్లంగి కూర ఇందుకు సాక్ష్యము.

చీనాలో అరక దున్ను పశువులను చంపరాదని టాంగు, సుంగు వంశపు ప్రభువులును తరువాతివారును శాసించియుండిరి. సేద్యము చేసి ముసలిదైన పశువు మాంసమును మెత్తపఱచు నేర్పు అట్టిచోట అలవడుటలో వింతలేదు. మనకును 1977 నాటి చట్టము ప్రకారము ఆవును, దూడలను వధించుట నేరము. కావున పెద్దకూర తినువారు, పనికిరాదని అధికారి ధ్రువపఱచిన దున్నపోతు మాంసముతోను, తక్కినవారు ముదురు మేకపోతు మాంసముతోను దీనిని వండుకొనవచ్చును.

కిలో మాంసమునకు కిలో తెల్లముల్లంగి చాలును. మెత్తని తొడకండకంటె, నరమును కొవ్వును కలసిన ఱొమ్ముముక్కయు పిక్కముక్కయు మేలు. ఇది వినుటకు విపరీతముగ తోచును గాని కారణము కలదు. కండలను పట్టియుంచు తెల్లని నారలో కొల్లాజెనను పదార్థము కలదు. సన్ననిసెగపై గంటలకొలది ఉడికినపుడు అది కరగి జిగురగును. ఆ జిగురే ముక్కకు మెత్తదనమును, రసమునకు చిక్కదనమును ఇచ్చును. మంట పెంచి కుతకుత ఉడికించినచో, నార కరగకమున్నే కండ బిగిసి, తనలోని నీటిని వెలిగ్రక్కి పీచువలె నగును. మన యిండ్లలో జరుగునది తఱచుగ ఇదియే.

చీనావారు ముందు ముక్కలను చన్నీటిలో వేసి, ఒక పొంగు రానిచ్చి, పైకి తేలిన తెట్టుతోసహా ఆ నీటిని పారబోసి కడుగుదురు. పిమ్మట నూనెలో అల్లపుముక్కలు, ఉల్లికాడలు, రెండు అనాసపువ్వులు, వ్రేలెడు దాల్చినచెక్క వేసి, మాంసమును ఎఱ్ఱగ వేయించి, మునుగునట్లు వేడినీరు పోయుదురు. మన బిరియానీలో పడు అనాసపువ్వు దక్షిణచీనా కొండలచెట్టు కాయయే! ఉప్పునకు బదులుగ వారు సోయాగింజలను పులియబెట్టి తీసిన నల్లనిరసమును పోయుదురు. అది లేనిచో ఉప్పే చాలును. కారపు విషయమున ఖమ్మపు మిరపను తెలిసినవారికి నేను చెప్పునదేమి? చీనాలోనే కాంటను ప్రాంతమువారు దీనిని కారము లేకుండ వండుదురు, సెచువాను వారు ఎఱ్ఱగ వండుదురు.

కుండపై మూకుడు మూసి, పిడకలనిప్పుపై నుంచవలెను. రసము పొంగరాదు; అప్పుడప్పుడొక బుడగ లేచిన చాలును. మేకమాంసమునకు రెండు గంటలు, దున్నమాంసమునకు మూడు గంటలు పట్టవచ్చును. కుక్కరున్నవారికి ముప్పాతిక గంట చాలును, కాని ముల్లంగిని దానిలో ముందుగ పడవేయరాదు. మాంసము వ్రేలికి లొంగిన పిదపనే, ముల్లంగిని పెద్దముక్కలుగ కోసి వేసి, మఱియొక అరగంట ఉడికింపవలెను. ముందే వేసినచో అది చితికి మడ్డియగును. ఘాటు సయింపనివారు దానిని వేఱుగ ఒకమారు ఉడికించి నీరు వార్చుదురు. చింతపండు వేయదలచినచో ముల్లంగి ఉడికిన తరువాతనే వేయవలెను, ఏలనన పులుపు తగిలిన కూరగాయ త్వరగ మెత్తబడదు.

వేడియన్నముతోగాని జొన్నరొట్టెతోగాని ఇది బాగుండును. మిగిలినదానిని చల్లార్చి శీతలయంత్రములో నుంచినచో, మరునాడు రసము తాటిముంజవలె గడ్డకట్టి కదలుచుండును. చూచినవారు చెడినదని పారబోయుదురేమో; అది చెడుట కాదు, నార కరగినదనుటకు గుర్తు. తెర్లువఱకు మరల కాచి వడ్డింపవలెను.