గాలికి అడ్డంగా పటంతో ప్రయాణమా?

గాలిపటం గాలి ఎటు వీస్తే అటే లాగుతుంది కదా! మరి అంటార్కిటికా మంచుమీద పటం కట్టుకుని పోయేవాళ్లు గాలికి అడ్డంగా, తమకు కావలసిన దిక్కుకు ఎలా వెళ్తారు?

కిటుకంతా స్కీల అంచుల్లో ఉంది. స్కీ అంటే బూటుకు బిగించుకునే పొడవాటి సన్నని పలక. ముందుకైతే మంచుమీద సర్రున జారుతుంది. కాస్త ఒరిగించి నొక్కితే దాని అంచు మంచులో దిగి, పక్కకు జారనివ్వదు. పటమేమో పక్కకు లాగుతుంది, అంచేమో పోనివ్వదు. ఇక మిగిలిన దారి ముందుకే! తడి నిమ్మగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే చివ్వున ముందుకు దూకుతుంది చూడండి, అలాగన్నమాట.

అది మన కాగితం పటం కాదులెండి. నైలాన్ గుడ్డతో కుట్టిన పెద్ద పటం. తాళ్లను నడుము పట్టీకి తగిలిస్తారు కాబట్టి లాగుడు భారమంతా చేతులమీద పడదు. చేతిలోని కడ్డీని ఇటూ అటూ వంచితే పటం తిరుగుతుంది. గాలి తక్కువైతే పెద్ద పటం, ఎక్కువైతే చిన్నది.

అక్కడ గాలికి కొదవ లేదు. ఖండం మధ్యలో మంచు ఎత్తుగా పేరుకుని ఉంటుంది. దక్షిణ ధ్రువం దగ్గరే రెండున్నర కిలోమీటర్లకు పైగా ఎత్తు! అక్కడ చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట తీరం వైపు దిగుతుంది. అదే గాలి మంచును గట్లు గట్లుగా చెక్కుతుంది. వేగంలో వాటికి తగిలితే మోకాళ్లకు చేటే.

నార్వేకు చెందిన బోర్గె ఔస్లాండ్ 1996-97లో సామాన్ల బండిని లాక్కుంటూ, గాలి కలిసొచ్చినప్పుడు పటం ఎగరేస్తూ, అంటార్కిటికాను ఒంటరిగా దాటాడు. 2,800 కిలోమీటర్ల పైచిలుకు దూరానికి 64 రోజులు పట్టింది.