తీగచుట్ట మొండితనము

అమెరికాలోని ఆల్బనీ నగరమున నొక విద్యాలయములో ఉపాధ్యాయుడుగా నుండిన జోసెఫ్ హెన్రీ యొక వింతను గమనించెను. బ్యాటరీకి కలిపిన పొడవైన తీగను విడదీయునపుడు మిలమిల మెఱయు నిప్పురవ్వ పుట్టెను. పొట్టి తీగతో అట్టి రవ్వ రాలేదు. పొడవైన తీగనే చుట్టగా చుట్టినపుడు రవ్వ మఱింత ప్రకాశించెను. ఈ సంగతిని ఆయన 1832లో ప్రకటించెను.

దీనికి కారణమేమి? చుట్టలో విద్యుత్తు ప్రవహించునపుడు అయస్కాంత క్షేత్ర మేర్పడును. ప్రవాహము మాఱినచో క్షేత్రమును మాఱును. ఆ మార్పు ఆ చుట్టలోనే ఎదురు వోల్టేజిని పుట్టించి, పెరుగు ప్రవాహమును వెంటనే పెరుగనీయదు, తగ్గుదానిని వెంటనే తగ్గనీయదు. బరువెక్కిన బండి కదలుటకు మొరాయించును. కదలిన పిమ్మట ఆగుటకును మొరాయించును గదా! చుట్టకు గల ఈ మొండితనమే స్వయంప్రేరకత్వము. ప్రవాహము సెకనుకు 1 ఆంపియరు వంతున మాఱునపుడు 1 వోల్టు పుట్టినచో, ఆ చుట్ట ప్రేరకత్వము 1 హెన్రీ. 1893లో షికాగోలో సమావేశమైన విద్యుత్ శాస్త్రజ్ఞులు ఈ ప్రమాణమునకు ఆయన పేరు పెట్టిరి.

దీనిని ప్రయోగశాలలో కొలుచుట కష్టము కాదు. ఇనుము లేని చుట్ట నొకదానిని బ్యాటరీకి కలిపితి మనుకొందము. వోల్టుమీటరు 6 వోల్టులను, అమ్మీటరు 0.5 ఆంపియరును చూపినచో, నిరోధము 12 ఓములు. స్విచ్చి తీయుటకు ముందే వోల్టుమీటరును తొలగింపవలెను; లేనిచో హెన్రీ చూచిన రవ్వను పుట్టించు వోల్టేజియే ఆ మీటరును చెడగొట్టవచ్చును.

పిమ్మట ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 6 వోల్టులకు తగ్గించిన ఏ.సి. విద్యుత్తును, దానికి తగిన మీటర్లతో, అదే చుట్టకు ఈయవలెను. ఇప్పుడు 0.3 ఆంపియరు మాత్రమే ప్రవహించె ననుకొందము. వోల్టులు అవియే, తీగ అదియే. ఆటంకము మాత్రము 20 ఓములైనది! మన దేశపు ఏ.సి. సెకనుకు 50 ఆవృత్తములు చేయును గనుక, చుట్ట క్షణక్షణమును దాని నెదిరించుచుండును.

అయితే ఆ ఎదిరింపు 20లో నుండి 12 తీసివేయగా వచ్చు 8 ఓములని తలంపరాదు. లంబకోణ త్రిభుజములో 20 కర్ణము, 12 ఒక భుజము. రెండవ భుజమే మనకు కావలసినది. 400లో 144 పోగా 256. దాని వర్గమూలము 16 ఓములు. దీనిని 2, 3.14, 50ల లబ్ధమగు 314 చేత భాగించినచో, చుట్ట ప్రేరకత్వము సుమారు 0.051 హెన్రీ యని తేలును.

చుట్టలో ఇనుపకడ్డీని దూర్చినచో ఏ.సి. ప్రవాహము ఇంకను తగ్గిపోవును. కాని అప్పు డీ లెక్క సరిపోదు. ఇనుములో కొంత శక్తి వేడిమిగా ఖర్చగును గనుక, 12 ఓముల నిరోధము ఏ.సి.కి ఎక్కువగా కనబడును. అట్టి చుట్టలకు మాక్స్‌వెల్ పేర వ్యవహరింపబడు బ్రిడ్జిని వాడి, దాని సూచకములో ప్రవాహము శూన్యమగు వఱకు నిరోధములను సవరించి, ప్రేరకత్వమును కనుగొందురు.