నార్ల వెంకటేశ్వరరావు

నార్ల వెంకటేశ్వరరావు (డిసెంబరు 1, 1908 - ఫిబ్రవరి 24, 1985) ప్రముఖ తెలుగు పాత్రికేయుడు, రచయిత, హేతువాది. జబల్‌పూర్‌లో జన్మించి, కృష్ణా జిల్లా కౌతవరంలో పెరిగాడు. 1942 నుండి 1959 వరకు ఆంధ్రప్రభ సంపాదకుడు. 1960లో విజయవాడలో ప్రారంభమైన ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకుడు. 1958 నుండి 1970 వరకు రాజ్యసభ సభ్యుడు.

పత్రికా భాష

అప్పట్లో రాజకీయ వార్తలు అధికభాగం ఇంగ్లీషులో వచ్చేవి. ఉపసంపాదకులు వాటిని తెలుగులోకి మార్చేవారు. మక్కికి మక్కిగా అనువదించిన వార్త సామాన్య పాఠకునికి అందదు. ప్రభుత్వ నిర్ణయం అర్థం కానివాడు దానిని ప్రశ్నించలేడు. అందుచేత పత్రికలలో గ్రాంథికానికి బదులు వాడుకభాష ఉండాలని నార్ల వాదించాడు. సంపాదకీయాలను చిన్న వాక్యాలతో, జాతీయాలతో వ్రాశాడు. వాటిలో రాజకీయ నాయకులను నిర్మొహమాటంగా విమర్శించేవాడు. తెలుగు దినపత్రికల భాష వ్యావహారికం వైపు మళ్ళడానికి దోహదం చేసినవారిలో ఇతడు ముఖ్యుడు.