గోడమీది బల్లి: భయమెంత? నిజమెంత?

వానలు మొదలైతే సింహాచలం కొండ దిగువ ఇళ్లలో దీపం చుట్టూ పురుగులు, వాటి వెనుకే బల్లులు చేరతాయి. "కూరలో బల్లి పడింది, పిల్లలు తినేశారు" అంటూ కంగారుగా వచ్చే తల్లిదండ్రులకు మేము చెప్పే సంగతులే ఇక్కడ రాస్తున్నాము.

బల్లి రాత్రి తిరిగే జీవి. పగలు పటాల వెనుక, గోడ పగుళ్లలో దాగి, చీకటి పడ్డాక వేటకు వస్తుంది. దోమలు, ఈసుళ్లు, చిన్న బొద్దింకలు దాని ఆహారం. దాని వేళ్ల కింద కంటికి కనబడనంత సన్నని వెంట్రుకలు లక్షలుంటాయి. పైకప్పుకు అంటుకొని నడిచేది వాటివల్లే, జిగురువల్ల కాదు. కంటికి కదిలే రెప్పలు లేవు కనుక నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. శత్రువు పట్టుకుంటే తోక విడిచి పారిపోతుంది. తోక మళ్లీ పెరుగుతుంది. దాని పలుకు సాటి బల్లుల కోసమే, మన శుభాశుభాలు చెప్పడానికి కాదు. తిరుమల కొండల్లోని బంగారు బల్లి కూడా ఈ కుటుంబానిదే. మన తెలుగు బైబిలులో సామెతలు 30వ అధ్యాయం, చిన్నవైనా జ్ఞానముగల నాలుగు జీవులలో బల్లిని లెక్కించింది.

మన ఇళ్లలోని బల్లులకు విషం లేదు. అయితే వాటి పేగుల్లో, రెట్టలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మక్రిములు ఉండవచ్చు. అందుచేత:

1. వండిన గిన్నెలపై ఎప్పుడూ మూత ఉంచండి.
2. బల్లి పడిన ఆహారాన్ని పారవేయండి.
3. తిన్నవారికి ఉప్పునీళ్లు పోసి బలవంతంగా వాంతి చేయించవద్దు.
4. వాంతులు, విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. నీళ్లు కొంచెం కొంచెంగా తాగించండి. జ్వరం, రక్తవిరేచనాలు, నీరసం కనబడితే ఆసుపత్రికి తీసుకురండి. పసిపిల్లల విషయంలో ఆలస్యం వద్దు.

ఇంకొక ముఖ్య సంగతి. రాత్రి నిద్రలో ఏదో కరిస్తే "బల్లేలే" అని ఊరుకోకండి. కట్లపాము కూడా రాత్రే తిరుగుతుంది. దాని కాటుకు నొప్పి, వాపు చాలాసార్లు ఉండవు. కొన్ని గంటలకు కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, చివరకు ఊపిరాడకపోవడం జరుగుతుంది. ఈ లక్షణాల కోసం ఎదురుచూడక, అనుమానం కలిగిన వెంటనే 108కి ఫోను చేయండి. ప్రార్థన దారిలోనే చేసుకోవచ్చు. మంత్రగాని కోసం మాత్రం ఆగవద్దు. విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే దొరుకుతుంది.

నేలమీద పడుకునేవారు దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. దోమనూ పామునూ కూడా అది దూరంగా ఉంచుతుంది. బల్లిని మాత్రం దాని గోడమీద దానిని ఉండనివ్వండి.