పిల్లల లెక్క చెబితే తల్లిదండ్రుల గుట్టు తెలుస్తుంది!

గిలకలదిండి నుంచి బందరు వచ్చి పోటీ పరీక్షలకు చదువుతున్నారా? అయితే జన్యుశాస్త్రంలో ఈ తరహా ప్రశ్న మీకు తప్పకుండా ఎదురై ఉంటుంది: సంతతి నిష్పత్తి ఇచ్చి జనకుల జన్యురూపం అడుగుతారు. చాలామంది నిష్పత్తులు బట్టీ పడతారు. ప్రశ్న కాస్త తిప్పితే ఆగిపోతారు. వెనక నుంచి ముందుకు ఆలోచించడం నేర్చుకోండి.

బహిర్గత కారకాన్ని 'బ', అంతర్గత కారకాన్ని 'అ' అనుకుందాం. ముందు అంతర్గత లక్షణమున్న సంతతిని వెతకండి. ఒక్కటి కనిపించినా, దాని జన్యురూపం 'అఅ'. అంటే జనకులిద్దరిలోనూ కనీసం ఒక్కో 'అ' ఉన్నట్టే. ఇక నిష్పత్తి 3:1 అయితే ఇద్దరూ 'బఅ'. 1:1 అయితే ఒకటి 'బఅ', రెండోది 'అఅ'. మెండెల్‌కు బఠానీలో 787 పొడవు, 277 పొట్టి మొక్కలు వచ్చాయి. అచ్చంగా 3:1 కాకున్నా దగ్గరే. పరీక్షలోనూ అంకెలు ఇలాగే ఉంటాయి.

రెండు లక్షణాలుంటే విడదీయండి. పొడవు-ఊదా 31, పొడవు-తెలుపు 29, పొట్టి-ఊదా 11, పొట్టి-తెలుపు 9 వచ్చాయనుకోండి. పొడవు 60, పొట్టి 20: ఎత్తుకు ఇద్దరూ 'బఅ'. ఊదా 42, తెలుపు 38: రంగుకు ఒకటి 'బఅ', మరొకటి 'అఅ'. అంతే!

ఒక జాగ్రత్త. పరీక్షా సంకరణంలో ఆరు మొక్కలూ బహిర్గతంగా వచ్చాయని జనకం 'బబ' అనేయకండి. అది 'బఅ' అయినా అలా రావడానికి 64లో ఒక అవకాశముంది.

ఇది మార్కులతో ఆగే విద్య కాదు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి 2008లో తెచ్చిన మెరుగైన సాంబ మసూరిలో ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులున్నాయి. ఎక్స్‌ఏ 21 బహిర్గతం. ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అంతర్గతం. అంతర్గత జన్యువు ఒక్కటే ఉన్న మొక్కను కంటితో గుర్తించలేరు. అందుకే డీఎన్‌ఏ మార్కర్లతో ఏరారు. మన తీరంలో ఉప్పు నేలలను తట్టుకునే గుణం అనేక జన్యువుల పని. అక్కడ 3:1 కోసం వెతికితే దొరకదు.

అగ్రికల్చర్ బీఎస్సీ, బయోటెక్నాలజీ, విత్తన కంపెనీలు.. ఏ దారి పట్టినా ఇదే లెక్క పనికొస్తుంది. ఈరోజే పాత పేపర్లలోంచి పది లెక్కలు తీసి, జవాబు చూడకుండా చేయండి.