పిల్లల కోసం ఏ ఆసుపత్రికి వెళ్లాలి?

మా స్త్రీల విభాగం ఓపీలో తరచు వినబడే ప్రశ్న ఒకటుంది. "మీ దగ్గర టెస్ట్‌ట్యూబ్ చేయరు కదా డాక్టరమ్మా, మరి మమ్మల్ని ఎక్కడికి వెళ్లమంటారు?" నిజమే, మా ఆసుపత్రిలో ఐవీఎఫ్ సౌకర్యం లేదు. ఏదో ఒక కేంద్రం పేరు చీటీ మీద రాసిచ్చి పంపేస్తే మా పని తేలికే. కానీ పేరుకంటె చూసుకునే పద్ధతి తెలిస్తే మీకు ఎక్కువ మేలు జరుగుతుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఆమధ్య ఒక జంట ఇటుకంత మందం ఫైలుతో మా వద్దకు వచ్చారు. పెళ్లయి ఆరేళ్లు. రెండు కేంద్రాలు తిరిగారు. భార్యకు స్కానింగులు లెక్కలేనన్ని, నాళాల ఎక్స్‌రే రెండుసార్లు, లాపరోస్కోపీ ఒకసారి జరిగాయి. రెండో కేంద్రంలో ధ్యానం గది, మెత్తని సంగీతం, నూనె మర్దన, ప్రత్యేక ఆహారం అన్నీ కలిపి ఒక ప్యాకేజీ కూడా తీసుకున్నారట. ఫైలంతా తిరగేశాము. భర్త వీర్యపరీక్ష కాగితం ఒక్కటీ లేదు! "వాడికేం డాక్టరమ్మా, బాగానే ఉన్నాడుగా" అన్నారు వెంట వచ్చిన అత్తగారు. పరీక్ష చేయిస్తే శుక్రకణాల సంఖ్య చాలా తక్కువ. అతనికి గుట్కా అలవాటుందని అప్పటివరకు ఎవరూ అడగనే లేదు.

సంపూర్ణ వైద్యం, హోలిస్టిక్ కేర్ అనే మాటలు ఇప్పుడు ప్రతి బోర్డు మీదా కనబడుతున్నాయి. సంపూర్ణం అంటే మా దృష్టిలో మొదటి అర్థం ఇదే: దంపతులిద్దరినీ కూర్చోబెట్టి, ఇద్దరినీ అడిగి, ఇద్దరికీ పరీక్ష చేయడం. సంగీతం తర్వాత సంగతి.

ముందు ఇద్దరికీ పరీక్ష

ఏ అడ్డూ లేకుండా ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే సంతానలేమి అంటారు. భార్య వయసు 35 దాటితే ఏడాది ఆగకుండా ఆరు నెలలకే డాక్టరును కలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ పడుతున్నారు. సుమారు సగం జంటల్లో లోపం పూర్తిగానో కొంతవరకో పురుషునిలో ఉంటుంది. వీర్యపరీక్షకు కోత లేదు, సూది లేదు, ఖర్చూ తక్కువే. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. అది చేయకుండానే భార్యను లాపరోస్కోపీకి పంపే చోటు ఎంత పెద్ద భవనమైనా సరే, ఒకసారి ఆలోచించండి.

శుక్రకణం తయారవడానికి రెండున్నర నెలలకు పైగా పడుతుంది. కాబట్టి ఈ రోజు పొగాకు, మద్యం మానేస్తే ఆ మేలు వచ్చేవారం కనబడదు, మూడు నెలలు ఓపిక పట్టాలి. జిమ్ములో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునే అబ్బాయిలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: మగతనం పెరుగుతుందనుకుని వేయించుకునే ఆ ఇంజెక్షను శుక్రకణాల తయారీనే ఆపేస్తుంది. స్త్రీలలో థైరాయిడ్, షుగరు, పీసీఓఎస్‌తోపాటు క్షయ గురించి కూడా అడిగే డాక్టరు మంచి డాక్టరు. మన దేశంలో గర్భనాళాలు మూసుకుపోవడానికి క్షయ ఒక ముఖ్య కారణం. అది దగ్గు, జ్వరం లేకుండానే గర్భాశయంలో దాగి ఉండవచ్చు.

గోడ మీది కాగితం

సంతాన సాఫల్య కేంద్రాలకు మన దేశంలో 2021లో ప్రత్యేక చట్టం వచ్చింది. ప్రతి కేంద్రమూ రిజిస్టరు కావాలి, ఆ సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా పెట్టాలి. అది 5 ఏళ్లే చెల్లుతుంది, కాబట్టి తేదీ కూడా చదవండి. లెవెల్ 1 కేంద్రంలో ఐయూఐ వరకే చేయవచ్చు. అండాలు తీయడం, ఐవీఎఫ్, ఇక్సీ చేయాలంటే లెవెల్ 2 ఉండాలి. స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్లు దాటితే ఈ చికిత్స చేయడానికి చట్టం ఒప్పుకోదు. చికిత్స లాభనష్టాలు, ఖర్చు, ప్రమాదాలు ముందే చెప్పడం, కౌన్సెలింగ్ ఇవ్వడం, ఫిర్యాదులు వినే ఏర్పాటు ఉంచడం కేంద్రం బాధ్యత. అంటే కౌన్సెలింగ్ వారు మనకు చేసే ఉపకారం కాదు, మన హక్కు. మగబిడ్డ కావాలా అని చెవిలో అడిగే చోటినుంచి వెంటనే లేచి రండి. అది నేరం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. 2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక కేంద్రంపై పోలీసులు కేసు పెట్టారు. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డే అని చెప్పి అప్పగించిన శిశువుతో ఆ దంపతుల డీఎన్ఏ కలవలేదన్నది ఫిర్యాదు. ఆ కేంద్రానికి లైసెన్సు చెల్లుబాటులో లేదని అధికారులు తెలిపారు. బిడ్డ మీది ఆశ ఎంతటివారినైనా కాగితం చూడనివ్వదు.

నూటికి డెబ్బై అంటే ఏమిటి?

"మా సక్సెస్ 70 శాతం" అంటారు. దేనిలో 70? రక్తపరీక్ష పాజిటివ్ రావడం ఒకటి, స్కానింగులో గుండె కొట్టుకోవడం మరొకటి, బిడ్డ ప్రాణంతో చేతికి రావడం వేరొకటి. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు వచ్చేసరికి సంఖ్య తగ్గిపోతుంది. కాబట్టి ఇలా అడగండి: "నా వయసువారు నూరుమంది చికిత్స మొదలుపెడితే ఎంతమంది బిడ్డతో ఇంటికి వెళ్లారు?" బ్రిటన్‌లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఈ లెక్కలు ప్రచురిస్తుంది. అక్కడ 35 ఏళ్లలోపు వారికి ఒక పిండం ప్రవేశపెట్టినప్పుడు బిడ్డ పుట్టే అవకాశం సుమారు మూడోవంతు. 43, 44 ఏళ్లకు అది నూటికి 5 దరిదాపుల్లోకి పడిపోతుంది. వయసు అడగకుండానే శాతం చెప్పేవారిని మేము నమ్మము.

ఎన్ని పిండాలు పెడతారో కూడా అడగండి. "ఇద్దరు పుడితే ఒకేసారి అయిపోతుంది కదా" అని ఇంట్లో పెద్దవాళ్లు సంబరపడతారు. కవలలు నెలలు నిండకుండా పుట్టి, పసిపిల్లల ఐసీయూలో వారాలు గడపడం మా నర్సులు ఎన్నోసార్లు చూశారు.

మనసుకు, శరీరానికి

హోలిస్టిక్ అనే మాటతో అమ్మే వస్తువులను, నిజమైన సంరక్షణను వేరుచేసి చూడాలి. పీసీఓఎస్ ఉండి బరువు ఎక్కువున్న స్త్రీ 5 నుంచి 10 శాతం తగ్గితే అండం విడుదల మెరుగుపడవచ్చు. 80 కిలోలున్న అమ్మాయికి అది 4 నుంచి 8 కిలోలే. గర్భానికి ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే బిడ్డకు వెన్నుపాము లోపాలు రాకుండా చాలావరకు కాపాడుతుంది. షుగరు, థైరాయిడ్ అదుపులోకి తేవాలి. ఇవన్నీ అసలైన వైద్యమే. కానీ రెండు నాళాలూ మూసుకుపోయినప్పుడు వాటిని ఏ ఆసనమూ, ఏ కషాయమూ తెరవదు. నాటుమందు వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. కొన్ని పొడుల్లో సీసం, పాదరసం ఉంటాయి.

ఐవీఎఫ్‌తోపాటు సూదుల వైద్యం చేయిస్తే ఫలితం పెరుగుతుందని కొందరు వేరుగా డబ్బు తీసుకుంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది స్త్రీలపై చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో అసలు ఆక్యుపంక్చర్ పొందినవారిలో 18.3 శాతం, ఉత్తుత్తి సూదులు పొందినవారిలో 17.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. అంటే తేడా లేనట్లే. హాయిగా అనిపిస్తే చేయించుకోండి, అందుకోసం మాత్రం అప్పు చేయకండి.

మరి కౌన్సెలింగ్ ఎందుకు? "నువ్వు దిగులు పడుతున్నావు, అందుకే గర్భం నిలవడం లేదు" అని ప్రతి ఇంట్లో అంటారు. 2011లో 14 అధ్యయనాలను, 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి పరిశీలించారు. చికిత్సకు ముందు దిగులుతో ఉన్నవారికీ, లేనివారికీ ఫలితంలో తేడా కనబడలేదు. దిగులు వల్ల పిండం పోలేదు, తల్లీ! ఈ ఒక్క మాట చెబితే మా గదిలో ఏడవని స్త్రీ అరుదు. కౌన్సెలింగ్ శాతాలు పెంచడానికి కాదు. ఆ ఇంజెక్షన్ల రోజులు, ఫలితం కోసం ఎదురుచూసే ఆ రెండు వారాలు, కాదని తెలిసిన ఆ సాయంత్రం భార్యాభర్తలు ఒకరినొకరు తప్పుపట్టుకోకుండా గడపడానికి. నెగెటివ్ వచ్చిన రోజున ఎవరు మాట్లాడతారని అడగండి. ఫోనులో రిసెప్షన్ అమ్మాయి చెప్పి పెట్టేస్తే అది సంపూర్ణ వైద్యం కాదు.

ప్రార్థన గురించి కూడా చెప్పాలి. దాన్ని ప్యాకేజీలో చేర్చి ఫలితం పెరుగుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సంఘంగా మనం చేయగలిగింది వేరే ఉంది. హన్నా ఆలయంలో పెదవులు మాత్రం కదుపుతూ ఏడుస్తుంటే యాజకుడైన ఏలీ ఆమె మత్తులో ఉందనుకున్నాడు. దైవజనుడే పొరబడ్డాడు. స్త్రీల సమాజంలో, సీమంతం విందులో "ఇంకా ఏమీ లేదా అమ్మా?" అని అడిగేముందు మనమూ కాస్త ఆగవచ్చు.

డబ్బు, దూరం

ప్రైవేటులో ఒక ఐవీఎఫ్ విడతకు సుమారు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు అవుతుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. మందులు, పిండాలు నిల్వచేసే రుసుము కలిపారో లేదో రాసివ్వమనండి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభమైంది, అక్కడ కూడా విచారించండి. ఇంజెక్షన్లు పది, పన్నెండు రోజులు ఉంటాయి, మధ్యలో నాలుగైదుసార్లు స్కానింగుకు వెళ్లాలి. ఆరు గంటల బస్సు ప్రయాణంలో ఉన్న పేరున్న కేంద్రం కంటె, గంటలో చేరగల నిజాయితీ గల కేంద్రం మేలని మా అనుభవం. అండాలు తీసిన తర్వాత పొట్ట ఉబ్బి, వాంతులై, మూత్రం తగ్గి, ఊపిరి ఆడకపోతే అది అత్యవసరం. అర్ధరాత్రి ఆ కేంద్రంలో ఫోను ఎత్తేవారున్నారో లేదో డబ్బు కట్టకముందే తెలుసుకోండి.

ఎప్పుడు ఆపాలో చెప్పే డాక్టరు దొరకడం అదృష్టం. మూడో విడతకు పొలం అమ్మబోతున్న ఒక దంపతులతో "ఈసారి అవకాశం చాలా తక్కువ, నేనైతే చేయను" అన్న డాక్టరు ఒకరు మాకు తెలుసు. ఆ మాటకు ఆ దంపతులు మొదట కోపగించుకున్నారు. ఏడాది తర్వాత ఆవిడకు కబురు పంపారు, దత్తత కోసం పేరు నమోదు చేసుకున్నామని.

పాత రిపోర్టులు ఎంత పాతవైనా పారేయకండి. వేరే చోటికి వెళ్లేముందు ఆ ఫైలు ఒకసారి మా ఓపీకి తీసుకురండి, కలిసి చదువుదాము. భార్యాభర్తలు ఇద్దరూ రండి.