తెలియదన్నంత మాత్రాన బాధ్యత తీరదు

ఢిల్లీలోని చాందినీ చౌక్‌లో టౌన్‌హాల్ ఎదుట ఉన్న గడియార స్తంభం 1951లో కుప్పకూలి కొందరి ప్రాణాలు తీసింది. అప్పటికి ఆ కట్టడానికి 80 ఏళ్లు. అందులో వాడిన గారను బట్టి పై అంతస్తు ఆయుష్షు 40, 45 ఏళ్లకు మించదని చీఫ్ ఇంజినీర్ సాక్ష్యం చెప్పాడు. కూలాక ఆ గారను చేతిలోకి తీసుకుని చూస్తే పట్టు పూర్తిగా పోయి పొడి పొడిగా ఉందట. లోపం పైకి కనిపించలేదు కాబట్టి తమ తప్పు లేదని మున్సిపాలిటీ వాదించింది. సుప్రీంకోర్టు 1966లో ఆ వాదనను తోసిపుచ్చింది. జనం నడిచే దారి పక్కన కట్టడం ఉన్నప్పుడు దాన్ని ఎప్పటికప్పుడు పరీక్ష చేయించడం యజమాని బాధ్యత అని, పైకి కనిపించని లోపానికి కూడా జవాబు చెప్పక తప్పదని తేల్చింది.

ఇలాంటి చావులకు మనం ‘టైం బాగోలేదు’ అని సరిపెట్టుకుంటాం. ఆ మాటతో దుఃఖం కాస్త ఉపశమించవచ్చు గానీ, జాగ్రత్త తీసుకోవాల్సిన మనిషి కూడా దాని చాటున తప్పించుకుంటాడు. ఒకరి తప్పు వల్ల మరొకరికి జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే టార్ట్ చట్టంలోని నిర్లక్ష్య సూత్రం ఈ చాటును తొలగిస్తుంది. హాని తలపెట్టాడా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. కోర్టు చూసేవి నాలుగు: అవతలివాళ్ల పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉందా, వివేకం గల మనిషి తీసుకునే జాగ్రత్త తీసుకున్నాడా, నష్టం జరిగిందా, ఆ నష్టం ఈ అజాగ్రత్త వల్లే జరిగిందా. నాలుగూ రుజువైతే పరిహారం కట్టాల్సిందే.

ఆ బాధ్యత ఎవరి పట్ల అన్న ప్రశ్నకు దారి చూపింది ఒక స్కాట్లండ్ కేసు. 1928లో పైస్లీ పట్టణంలోని కెఫేలో ఒకామెకు స్నేహితురాలు జింజర్ బీర్ కొనిచ్చింది. ముదురు రంగు సీసా కావడంతో లోపల ఏముందో కనిపించలేదు. మిగిలింది వంచుతుంటే కుళ్లిన నత్త పడిందని, దాంతో తన ఆరోగ్యం చెడిందని ఆమె తయారీదారుపై దావా వేసింది. డబ్బిచ్చింది ఆమె కాదు, కాబట్టి ఒప్పందం పేరుతో అడగడానికి వీల్లేదు. అయినా 1932లో, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న బ్రిటన్ ప్రభువుల సభ 3-2 ఆధిక్యంతో ఆమెకు దావా హక్కు ఉందని తీర్పిచ్చింది. మన పనివల్ల ఎవరికి హాని కలగవచ్చని ముందే ఊహించగలమో, వాళ్లందరి పట్లా మనకు బాధ్యత ఉంటుందని ఆ తీర్పిచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన లార్డ్ అట్కిన్ వివరించారు. ప్రభుత్వం కూడా దీనికి అతీతం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అధికారులు స్వాధీనం చేసుకున్న ఒక వ్యాపారి సరుకు వాళ్ల అజాగ్రత్త వల్ల పాడైతే, ఆ నష్టం రాష్ట్రమే భరించాలని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇలా అయితే డాక్టర్లు భయపడి కష్టమైన కేసులు ముట్టుకోరన్న అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా తీసేయాల్సింది కాదు. కానీ చట్టం అడిగేది రోగి బతికాడా అని కాదు. ఆ వృత్తిలో సగటు నైపుణ్యం ఉన్నవాళ్లు చేసే పని ఈ డాక్టరు చేశాడా అన్నదే ప్రశ్న. వైద్యం ఫలించకపోవడం దానంతట అదే నిర్లక్ష్యం కాదు. డాక్టరును నేరస్థుడిగా నిలబెట్టాలంటే నిర్లక్ష్యం మరీ తీవ్రంగా ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బాధితుడి తప్పు మాటేమిటి అంటారు మరికొందరు. దానికీ లెక్క ఉంది: రోడ్డు ప్రమాదంలో అతని అజాగ్రత్త పాలు ఎంతుంటే పరిహారంలో అంత కోత పడుతుంది.

కాదనలేని లోపం ఆలస్యం. గడియార స్తంభం కేసులో తుది తీర్పుకు 15 ఏళ్లు పట్టింది. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబానికి అది చాలా పెద్ద శిక్ష. అయితే ఆ లోపం కోర్టుల నడకలో ఉంది, సూత్రంలో కాదు. తనిఖీ చేయించకపోతే రేపు మూల్యం చెల్లించాల్సి వస్తుందని తెలిసిన యజమాని ఈరోజే ఇంజినీర్ని పిలుస్తాడు. ఆ భయం బలంగా ఉండాలంటే బాధితులు బిల్లులు, ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు జాగ్రత్త చేసుకుని పరిహారం అడగాలి, కోర్టులు ఆ దావాలను త్వరగా తేల్చాలి.